విచారణ లేని నిర్బంధము

వరంగల్లు కేంద్ర కారాగారము నేడు లేదు. నిజాము ప్రభుత్వ కాలమున 1886లో కట్టిన ఆ జైలును 2021లో పడగొట్టి, ఆ స్థలమున పెద్ద ఆసుపత్రికి పునాది వేసిరి. 135 ఏండ్లపాటు ఆ గోడల నడుమ కాలము గడపినవారిని మూడు తెగలుగా చెప్పవచ్చును. నేరము రుజువై శిక్ష ననుభవించినవారు మొదటి తెగ. వారు జంపఖానాలు నేయుచు, విడుదల తేదీని వ్రేళ్లపై లెక్కించుకొనెడివారు. నేరము మోపబడి విచారణకై ఎదురుచూచినవారు రెండవ తెగ. వాయిదా తేదీయే వారి పంచాంగము. మూడవ తెగవారికి శిక్షయు లేదు, వాయిదాయు లేదు. “ఇతడు మున్ముందు కీడు చేయగలడు” అని ప్రభుత్వాధికారి యొకరు తలచుటయే వారి నిర్బంధమునకు ఆధారము. జైలు పోయినను ఈ మూడవ తెగ పోలేదు. వారిని గూర్చియు, వారి యెడల ప్రభుత్వమునకు గల బాధ్యతను గూర్చియు ఈ ప్రసంగమున శ్రోతలకు వివరింపదలచితిని.

మన దినపత్రికలలో “ఫలానా వానిపై పీడీ యాక్టు” అను శీర్షిక తరచుగా కనబడును. ఈ పేరునకు ఒక చరిత్ర కలదు. ప్రివెంటివ్ డిటెన్షన్ యాక్టు అను కేంద్ర చట్టము 1950లో పుట్టి 1969 డిసెంబరు 31తో గతించినది. చట్టము పోయి అర్ధశతాబ్దము దాటినను దాని పొడి అక్షరములు తెలుగువారి నోట నిలిచిపోయినవి. నేడు మనము పీడీ యాక్టని పిలుచునది సాధారణముగా 1986 నాటి వేరొక చట్టము. దాని సంగతి తరువాత చెప్పెదను. మొదట మూలమును చూతము.

పోలీసులు ఒకనిని పట్టుకొనినచో ఏమి జరుగవలెనో మన రాజ్యాంగము 22వ అధికరణము మొదటి రెండు ఖండములలో చెప్పినది. ఎందులకు పట్టుకొనిరో తెలుపవలెను. తాను కోరిన న్యాయవాదితో సంప్రదించుకొననీయవలెను. ప్రయాణ కాలము మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే ఆపై ఒక్క గంటయు ఉంచరాదు. ఇంతవరకు చదివినవాడు ఊరట చెందును. కాని వెంటనే మూడవ ఖండము వచ్చును. శత్రుదేశీయులకును, ముందు జాగ్రత్తగా నిర్బంధించు చట్టముల క్రింద పట్టుబడినవారికిని పై రెండు ఖండములు వర్తింపవని అది చెప్పుచున్నది. యుద్ధము లేని కాలమున సైతము విచారణ లేని నిర్బంధమునకు, అందును ప్రాథమిక హక్కుల అధ్యాయములోనే, చోటు కల్పించిన రాజ్యాంగములు లోకమున అరుదు.

ఇట్టి అధికారము తెలుగు నేలకు క్రొత్త కాదు. చెన్నపట్టణపు దొరతనము క్రింద ఉన్న జిల్లాలలో 1819 నాటి రెండవ రెగ్యులేషను ప్రకారము, రాజ్యక్షేమము పేరిట, అనుమానితులను విచారణ లేకయే బంధింపవచ్చును. హైదరాబాదు సంస్థానమున సభ జరుపుకొనుటకే ముందుగా అనుమతి వేడవలెనని గస్తీ నిషాన్ 53 శాసించెను. ఓరుగంటి కవి కాళోజీ నారాయణరావు, దాశరథి కృష్ణమాచార్యులు మున్నగువారు ఆనాటి జైళ్లను చూచినవారే. 1919లో రౌలట్ చట్టమును జాతి యావత్తు నిరసించినదియు ఈ విచారణ లేని చెరకు వ్యతిరేకముగానే. అట్టి జైళ్లలో మగ్గిన నాయకులే స్వతంత్ర భారత రాజ్యాంగమును వ్రాయ గూర్చుండి, ఈ అధికారమును నిలిపియుంచిరి. తలచినకొలది ఆశ్చర్యము కలుగును. అయితే ఆ దినములను మరువరాదు. దేశవిభజనలో చిందిన నెత్తురు ఇంకను ఆరలేదు. 1948 జనవరిలో గాంధీమహాత్ముడు హత్య గావింపబడెను. తెలంగాణమున సాయుధ పోరాటము 1951 వరకు సాగెను. వారి భయము నిజమైన భయమే.

1949 సెప్టెంబరులో డాక్టరు అంబేడ్కరు ఈ అధికరణమును రాజ్యాంగ సభ ముందుంచిరి. ప్రాణమునకు, స్వేచ్ఛకు రక్షణ నిచ్చు మరియొక అధికరణమునందు సభ తగ్గించిన బలమును దీని ద్వారా కొంతవరకైన పూడ్చుచున్నామని వారి వివరణ. అనగా ఈ అధికరణము ఒక చేత అధికారము నిచ్చుచు, రెండవ చేత దానికి పగ్గము వేయుచున్నది. ఆ పగ్గములు కొలదిపాటివి. మూడు నెలలకు మించి ఉంచవలెనన్న హైకోర్టు న్యాయమూర్తులుగా ఉన్నవారు, ఉండినవారు, లేక అందుకు అర్హులు అయిన వారితో కూడిన సలహా మండలి తగిన కారణమున్నదని చెప్పవలెను. నిర్బంధ కారణములను సాధ్యమైనంత త్వరగా తెలుపవలెను. వానిపై విన్నపము చేసికొనుటకు సత్వరమే అవకాశమీయవలెను. ఈ మూడింటిని గట్టిగా పట్టుకొనుటయే నిర్బంధితునకు మిగిలిన దారి.

1950 ఫిబ్రవరిలో హోంమంత్రి సర్దారు పటేలు తెచ్చిన చట్టము ఒక్క యేడాదికని వచ్చినది. పార్లమెంటు దానిని మరల మరల పొడిగించి 1969 తుదివరకు నడిపెను. తాత్కాలికమని అడుగిడిన చట్టములు ఇల్లరికపుటల్లునివలె తిష్ఠవేయుట మనకు అలవాటైన విషయమే. ఆ చట్టమును ప్రశ్నించుచు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ మద్రాసు రాష్ట్రపు జైలునుండి సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 1950 మే 19 నాటి తీర్పులో అధిక సంఖ్యాక న్యాయమూర్తులు చట్టమును నిలిపిరి. 14వ సెక్షనును మాత్రము కొట్టివేసిరి. నిర్బంధ కారణములను న్యాయస్థానమునకు సైతము తెలుపరాదని ఆ సెక్షను శాసించియుండెను. కారణమే కనబడనిచో నిర్బంధము సక్రమమో అక్రమమో న్యాయమూర్తి ఎట్లు తేల్చగలడు? ఆనాడు తెరచిన ఈ చిన్న తలుపుగుండానే నేడు నిర్బంధితుని బంధువులు హైకోర్టు గడప ఎక్కుచున్నారు.

ఆ తలుపు ఒకసారి మూసికొనిపోయినది కూడ. 1971లో ఆంతరంగిక భద్రతా చట్టము, అనగా మీసా, వచ్చినది. వరంగల్లు సి.కె.ఎం. కళాశాల అధ్యాపకుడును, కవియు అయిన వరవరరావును 1973లో ఆ చట్టము క్రింద నిర్బంధించిరి. ఆ ఉత్తరువు హైకోర్టున నిలువలేదు. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటింపబడిన వెంటనే ఆయనను మరల జైలులో నుంచిరి. మీసా క్రింద ఆ కాలమున దేశములో 34,988 మందిని నిర్బంధించిరని తరువాత విచారించిన షా కమిషను లెక్కగట్టినది. ఆంధ్రప్రదేశములో ఆ సంఖ్య వెయ్యికి పైబడినది. వీరిలో కాంగ్రెసేతర పక్షములవారు, అధ్యాపకులు, రచయితలు, విద్యార్థులు ఉండిరి. తమను ఎందులకు పట్టిరో పలువురికి తెలియదు. చట్టమును సవరించి, కారణములు తెలుపనక్కర లేకుండ చేసిరి.

నిర్బంధితులు హైకోర్టులకు పోగా, అత్యవసర కాలమున సైతము ఉత్తరువు చట్టబద్ధమో కాదో తాము చూడవచ్చునని పలు హైకోర్టులు పలికినవి. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు అప్పీలు చేసెను. 1976 ఏప్రిలు 28న ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు ప్రభుత్వ పక్షమున తీర్పు చెప్పిరి. అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలము నిర్బంధితునకు న్యాయస్థానమున నిలుచు హక్కే లేదని ఆ తీర్పు సారాంశము. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే భిన్నాభిప్రాయము వ్రాసిరి. మరుసటి జనవరిలో ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకన్న జూనియరునకు పోయినది. ఖన్నా రాజీనామా చేసిరి. 2017 ఆగస్టు 24న, గోప్యత హక్కును గూర్చిన కేసులో, సుప్రీంకోర్టు 1976 నాటి తీర్పును రద్దుచేసినది. ఆ మాట వ్రాసినవారు డి.వై. చంద్రచూడ్. ఆ నలుగురిలో ఆయన తండ్రి యొకరు. తప్పు దిద్దుకొనుటకు నలువదియొక్క ఏండ్లు పట్టినది. ఓరుగల్లు జనము అంతకాలము ఆగలేదనుకొనుడు: కాళోజీ 1978 శాసనసభ ఎన్నికలలో సత్తుపల్లికి పోయి, అత్యవసర కాలపు ముఖ్యమంత్రి జలగం వెంగళరావుపై పోటీచేసిరి. గెలువలేదు. గెలుచుటకు పోయినట్లును తోచదు.

ఇక 1986 నాటి చట్టము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన ఈ చట్టము 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట రెండు తెలుగు రాష్ట్రములలోను అమలున నిలిచినది. మొదట ఇది సారా వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్య నేరస్థులు, గూండాలు, వ్యభిచార వ్యాపారము నడపువారు, భూకబ్జాదారులు అను ఆరు తరగతులవారికి ఉద్దేశింపబడినది. ఉత్తరువు నిచ్చు అధికారమును ప్రభుత్వము జిల్లాలలో కలెక్టరునకును, కమిషనరేటులలో పోలీసు కమిషనరునకును అప్పగింపవచ్చును. 2015లో వరంగల్లునకు పోలీసు కమిషనరేటు వచ్చినందున ఈ నగరమున ఆ కలము కమిషనరు చేతికి పోయినది. నేరమును పరిశోధించు శాఖయే నిర్బంధపు ఉత్తరువును వ్రాయుట కొంత ఇబ్బందికరమైన ఏర్పాటని నా అభిప్రాయము.

చట్టములో అధికారి “సంతృప్తి” చెందినచో ఉత్తరువు ఈయవచ్చునని యున్నది. మనము భోజనానంతరము చెందు తృప్తి యిది కాదు; ఫలానా వ్యక్తిని బంధించుట అవసరమని కాగితములు చూచి నమ్మకము కలుగుటకు చట్టము పెట్టిన పేరు. ఆ నమ్మకము సరియైనదా అని న్యాయస్థానము సాధారణముగా తూచదు. ఆ నమ్మకమునకు ఆధారములు ఉన్నవా, వానికి విషయముతో సంబంధమున్నదా, చెప్పిన పద్ధతిని పాటించిరా అని మాత్రమే చూచును. అందుచేత ఈ చట్టమున రోజుల లెక్క ప్రాణము వంటిది. నిర్బంధించిన 5 రోజులలోగా కారణములను వ్రాతమూలకముగా ఈయవలెను. కలెక్టరు, కమిషనరు ఇచ్చిన ఉత్తరువును 12 రోజులలోగా ప్రభుత్వము ఆమోదింపనిచో అది చెల్లదు. మూడు వారములలోగా సలహా మండలికి నివేదింపవలెను. నిర్బంధపు తేదీనుండి ఏడు వారములలోగా మండలి తన అభిప్రాయమును చెప్పవలెను. తగిన కారణము లేదని మండలి చెప్పినచో విడిచిపెట్టి తీరవలెను. ఉన్నదని చెప్పినచో పండ్రెండు నెలలవరకు ఉంచవచ్చును. మండలి ఎదుట నిర్బంధితుడు తన గోడు తాను చెప్పుకొనవచ్చును గాని, న్యాయవాది ద్వారా వాదించుకొను హక్కు ఈ చట్టమున లేదు.

ఇప్పుడు మిరపకాయ కథ చెప్పెదను. వరంగల్లు ఏనుమాముల మార్కెట్టునకు మాఘ ఫాల్గుణములలో పోయినవారికి తెలియును: కనుచూపు మేర ఎఱ్ఱని బస్తాలు, ఘాటునకు తుమ్ములు. మన చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. ఈ పంట యావత్తు వర్షాకాలమున రైతు కొన్న చిన్న విత్తనపు సంచిపై ఆధారపడియుండును. విత్తనము మంచిదో నాసిదో చూపునకు తెలియదు. నారుపోసి, నాటి, ఎరువు వేసి, మందు చల్లి, నెలలు గడచి, కాపు లేదని గ్రహించునప్పటికి అప్పు వడ్డీతో కూడ పెరిగియుండును. కావున నకిలీ విత్తనము అమ్మినవానిపై రైతునకు కలుగు ఆగ్రహము న్యాయమైనది. ఆ రైతును కాపాడుట ప్రభుత్వ బాధ్యత యనుటలో ఎవరికిని సందేహముండరాదు.

తెలంగాణలో మిరప విత్తనములు అమ్మిన ఒక వ్యాపారిపై, అవి నాసివని, దిగుబడి రాలేదని రైతులు ఫిర్యాదు చేసిరి. కేసులు పెట్టిరి. సాధారణ చట్టముల ప్రకారము పోయినచో ఆలస్యమగునని తలచి, అధికారులు ఆతనిని “గూండా” తరగతిలో చేర్చి 1986 చట్టము క్రింద నిర్బంధించిరి. ఆతని భార్య న్యాయస్థానముల నాశ్రయించినది. 2017లో సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. మిరప దిగుబడి తగ్గినందున విత్తన వ్యాపారిని గూండాగా పరిగణించుట నిర్బంధాధికారమును ఘోరముగా దుర్వినియోగపరచుటయేనని, నకిలీ విత్తనములకు వేరే చట్టములు ఉన్నవని తేల్చిచెప్పినది.

ఆ వేరే చట్టములలో ముఖ్యమైనది 1966 నాటి విత్తన చట్టము. ఇందులో మొదటి నేరమునకు శిక్ష 500 రూపాయల వరకు జరిమానా. మరల చేసినచో ఆరు నెలల వరకు ఖైదు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని. 1966లో 500 రూపాయలు ఒక ఉద్యోగి జీతమునకు మించిన సొమ్మేమో. ఈ శతాబ్దమున అది ఒక విత్తనపు సంచి వెల కూడ కాకపోవచ్చును. దీనిని మార్చవలెనని 2004లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టము కాకయే పోయినది. చూడుడు: రైతును రక్షింపవలసిన చట్టమునకు కోరలు పెట్టుటలో రాజ్యము జాగు చేసినది. ఆ జాగు వలన కలిగిన ఆగ్రహమును చల్లార్చుటకు, విచారణ అక్కరలేని చట్టమును తీసి ప్రయోగించినది. ఫలితమేమి? వ్యాపారి విడుదలయ్యెను. నిర్బంధపు ఉత్తరువు రైతునకు ఒక్క రూపాయి నష్టపరిహారము నైనను తెచ్చిపెట్టదు. తెచ్చు మార్గము ఆ చట్టములో లేనే లేదు. విచారణలో సాక్ష్యము వచ్చును, విత్తనపు పరీక్షా ఫలితము వచ్చును, ఎవరు తయారుచేసిరి, ఎవరు ధ్రువీకరించిరి అను ప్రశ్న వచ్చును. విచారణయే లేనప్పుడు ఈ ప్రశ్నలు ఏవియు రావు. విచారణ లేకపోవుట వలన నష్టము నిర్బంధితునకు మాత్రమేనని తలచువారు ఈ మిరప కేసును ఆలోచింపవలెను.

శాసనసభ దీనికి వేరొక పరిష్కారము కనుగొన్నది. 2018లో తెలంగాణ ప్రభుత్వము 1986 చట్టమును సవరించి నకిలీ విత్తనములు, పురుగుమందులు, ఎరువులు, ఆహార కల్తీ, నకిలీ పత్రములు, జూదము, సైబరు నేరములు, ఆర్థిక నేరములు మొదలగువానిని క్రొత్తగా చేర్చెను. విత్తన వ్యాపారి గూండా కాడని సుప్రీంకోర్టు చెప్పగా, గూండా కానక్కరలేదని చట్టము బదులు చెప్పినట్లయినది. చట్టము పేరు చాంతాడంత పొడవైనది. అయినను మూలసూత్రము మారలేదు. ఏ తరగతివాడైనను, ఆతని చేష్ట “పబ్లిక్ ఆర్డరు”ను, అనగా ప్రజాజీవన ప్రశాంతిని, భంగపరచునదైననే నిర్బంధము చెల్లును.

ఈ మాటకు అర్థమేమి? రామ్ మనోహర్ లోహియాను బీహారులో నిర్బంధించిన కేసులో 1965లో న్యాయమూర్తి హిదయతుల్లా దీనిని మూడు వలయములుగా వివరించిరి. పెద్ద వలయము శాంతిభద్రతలు. దాని లోపలిది ప్రజాజీవన ప్రశాంతి. నడిమిది రాజ్యభద్రత. పెద్ద వలయమున జరిగిన ప్రతి అలజడి లోపలి వలయమును తాకదు. ఏనుమాములలో తూకము దగ్గర ఇద్దరు తన్నుకొన్నారనుకొనుడు. అది శాంతిభద్రతల విషయము; కేసు పెట్టిన చాలును. ఏదో సంఘటన వలన వరంగల్లు చౌరస్తా మొదలు హనుమకొండ వరకు దుకాణములు మూతపడి, జనము ఇల్లు కదలుటకు వెరచినచో అది రెండవ వలయమును తాకినది. నేరము పెద్దదా చిన్నదా అనునది కాక, దాని అల ఎంత దూరము పోయినదనునదే ఇచట కొలబద్ద.

ఈ కొలబద్దను అధికారులు మరచుచుండుట వలన తెలంగాణ ఉత్తరువులు సుప్రీంకోర్టున ఒకదాని వెంట ఒకటి కూలినవి. 2021 ఆగస్టులో, మోసపు కేసులలో బెయిలు పొందినవానిని నిర్బంధింపగా, బెయిలు నచ్చనిచో దాని రద్దు కోరవలెను గాని నిర్బంధమును అడ్డదారిగా వాడరాదని కోర్టు చెప్పెను. 2022 ఏప్రిలులో, గడచిన ఐదేండ్లలో ఈ చట్టపు ఉత్తరువులను ఐదింటికి పైగా తాము కొట్టివేసినట్లు గుర్తుచేసి, వ్యక్తి స్వేచ్ఛను ఇంత అలవోకగా తీసికొనుటను తప్పుపట్టెను. 2023 సెప్టెంబరులో, స్వాతంత్ర్యమునకు 75 ఏండ్లు నిండిన వేడుకలను దేశము జరుపుకొనుచుండగా కొందరు పోలీసు అధికారులు పౌరుల హక్కులను మరచిరని తీవ్రముగా మందలించెను. 2024 మార్చిలో, గొలుసు దొంగతనముల కేసున, సలహా మండలులు వచ్చిన కాగితముపై ముద్రవేయు యంత్రములు కారాదని హెచ్చరించెను.

ప్రభుత్వ పక్షమున చెప్పవలసిన మాటయు కలదు. తెల్లవారుజామున ముగ్గు వేయుచున్న స్త్రీ మెడలోని పుస్తెలతాడు తెంపుకొని పోయినవాడు నెలలోపల బెయిలుపై వచ్చి మరియొక వీధిలో అదే పని చేసినచో, ఆ వీధివారు పోలీసులనే నిందింతురు. సాక్షులు భయపడి ముందుకు రారు. కేసులు ఏండ్ల తరబడి సాగును. ఇవన్నియు నిజము. అయితే ఈ రోగములన్నియు న్యాయస్థానములలోను, పోలీసు పరిశోధనలోను ఉన్నవి. బెయిలును రద్దుచేయుమని కోరుట, త్వరగా అభియోగపత్రము వేయుట, సాక్షులకు అండ నిలుచుట శ్రమతో కూడిన పనులు. నిర్బంధపు ఉత్తరువు ఆ శ్రమను తప్పించును. ఏడాది దాటిన పిమ్మట ఆ మనిషి అదే వీధికి, రుజువుకాని అదే కేసులతో, తిరిగి వచ్చును.

పొరపాటున నిర్బంధింపబడినవాని సంగతి మరియొకటి. ఉత్తరువు చెల్లదని హైకోర్టు చెప్పునప్పటికి ఐదారు మాసములు గడచిపోయియుండవచ్చును. కూలి పోయెను, దుకాణము మూతపడెను, పిల్లలు బడిలో మాటలు పడిరి. వీనికి ప్రతిఫలమేది? అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మన దేశము 1979లో చేరినది. అక్రమముగా నిర్బంధింపబడినవానికి నష్టపరిహారపు హక్కు కలదని దాని 9వ అధికరణము చెప్పును. మన ప్రభుత్వము చేరునప్పుడే, అట్టి హక్కు భారత న్యాయవ్యవస్థలో లేదని వ్రాసియిచ్చి చేరినది. కోర్టులు కొన్ని సందర్భములలో దయతలచి పరిహారము ఇప్పించినవి. హక్కుగా మాత్రము లేదు. రాజ్యాంగ 44వ సవరణ 1979 ఏప్రిలు 30న రాష్ట్రపతి ఆమోదము పొందినది. మూడు నెలల గడువును రెండు నెలలకు తగ్గించు సెక్షను, సలహా మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసుపై నియమింపవలెనను నిబంధన అందున్నవి. మిగిలిన సెక్షనులు అమలునకు వచ్చినవి. ఈ యొక్క సెక్షను అమలు తేదీని ప్రకటించు నోటిఫికేషను మాత్రము ఏ ప్రభుత్వమును వెలువరింపలేదు. పక్షములు మారినవి, ప్రధానమంత్రులు మారిరి. ఈ విషయమున అందరును ఏకాభిప్రాయులే.

కావున మన ఇంటివారికో, ఇరుగుపొరుగువారికో ఇట్టి ఆపద వచ్చినచో తెలిసియుండవలసిన సంగతులు కొన్ని చెప్పెదను. ఉత్తరువు ప్రతిని, కారణముల ప్రతిని, వానితో జతపరచిన కాగితములను అడిగి తీసికొనవలెను. అవి ఏ తేదీన, ఏ గంటకు చేతికి అందినవో వ్రాసికొనవలెను. నిర్బంధితునకు తెలిసిన భాషలో కారణములు ఈయవలెను. ఇంగ్లీషు రానివానికి ఇంగ్లీషు కాగితము నిచ్చి నోటితో వివరించితిమనుట చాలదని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పినది. తెలుగు మాత్రమే వచ్చిన కూలివానికి ఇంగ్లీషు కట్ట చేతిలో పెట్టినచో ఆ ఒక్క లోపముతోనే ఉత్తరువు పోవచ్చును. చదువ వీలుకాని మసక ప్రతులు ఇచ్చినను అంతే. పిమ్మట ప్రభుత్వమునకు విన్నపము పంపవలెను. ఆ విన్నపమును తగిన కారణము లేక రోజుల తరబడి బల్లమీద ఉంచినను నిర్బంధము చెడును. కనుక రసీదు పోగొట్టుకొనరాదు.

హైకోర్టున వేయు దరఖాస్తునకు హెబియస్ కార్పస్ అని పేరు. మనిషిని మా ముందు ఉంచి, ఏ అధికారముతో బంధించితిరో చెప్పుడని ప్రభుత్వము నడుగుట దాని భావము. దీనిని నిర్బంధితుడే వేయనక్కరలేదు. భార్య, తల్లి, మిత్రుడు ఎవరైనను వేయవచ్చును. న్యాయవాదికి ఇచ్చుకొనలేని వారికి 1987 నాటి న్యాయసేవా సంస్థల చట్టము ప్రకారము ఉచిత సహాయము లభించును. నిర్బంధములో ఉన్న వ్యక్తి ఆదాయముతో నిమిత్తము లేకయే అందుకు అర్హుడు. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగినచో దారి చెప్పుదురు.

నాసి విత్తనము వలన నష్టపోయిన రైతునకును ఒక దారి కలదు. అది నిర్బంధపు ఉత్తరువుకన్న అక్కరకు వచ్చునది. ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థపై వేసిన కేసులలో, విత్తనము కొన్న రైతు వినియోగదారుడేనని, విత్తన చట్టము ఉన్నను వినియోగదారుల న్యాయవేదికకు పోవచ్చునని సుప్రీంకోర్టు 2012 జనవరిలో తీర్పు చెప్పినది. 2019 నాటి వినియోగదారుల చట్టము ప్రకారము రైతు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. గడువు రెండేండ్లు. కొన్ననాటి బిల్లును, లాటు నంబరు ముద్రించిన ఖాళీ సంచిని, వీలైనచో పిడికెడు విత్తనమును దాచియుంచవలెను. పైరు నిలువునా ఉన్నప్పుడే మండల వ్యవసాయాధికారిని పొలమునకు పిలిచి, చూచినది వ్రాతపూర్వకముగా ఇమ్మని కోరవలెను.